పెరటి కొండ

“ఇంతకీ అంత దూరం పోయి మీరు చూసొచ్చింది కొండనా?” అన్నారు మా అత్తగారు.

నేను ఫోనులో ఫొటోలు చూపిస్తున్నాను. ఇటలీ దేశంలో అసీసి అనే ఊరు. లండన్‌లో వుంటున్న మా ఆడపడుచు, “బ్రాడీపేట నాలుగో లైను దాటితే నీకు ప్రపంచం లేదు వదినా, ఈసారి రాకపోతే నీతో మాట్లాడను” అని పంతం పట్టి, కిందటి అక్టోబరులో మా ఇద్దర్నీ పిలిపించుకుని నాలుగు ఊళ్ళు తిప్పింది. అందులో అదొకటి. వీసా కోసం హైదరాబాదు రెండుసార్లు పోయొచ్చాం. మావారు బ్యాంకు పుస్తకం జిరాక్సులు తీయించి తీయించి, చివరికి ఆ షాపు కుర్రాడు నేను కనబడితే “ఇటలీయా అమ్మా?” అని పలకరించే దాకా వచ్చింది.

కొండే. కాదనడానికి లేదు. సుబాసియో అనే కొండ వాలున, మెట్లు మెట్లుగా అతుక్కుని వుంటుంది ఆ ఊరు. రైలు కింద మైదానంలో దింపేస్తుంది. అక్కణ్ణించి బస్సెక్కి పైకి పోవాలి. దారి పొడుగునా ఆలివ్ తోటలు. ఊళ్ళో గోడలన్నీ ఆ కొండ రాయే, తెలుపులో కాస్త గులాబీ రంగు కలిపినట్టు వుంటుంది. సాయంత్రం ఎండ పడితే పసుపూ కుంకుమా కలిపి రాసిన గడపలా మెరిసింది నా కంటికి. (ఉపమానం బ్రాడీపేటదే, ఏం చెయ్యను?) సందులన్నీ ఎత్తూపల్లాలు. ఏడెనిమిది వందల ఏళ్ళనాటి కిటికీలోంచి ఒకావిడ దుప్పటి దులుపుతోంది. ఇంకో కిటికీకి బనియన్లు ఆరేసి వున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. చరిత్ర అంటే గాజు పెట్టెలో పెట్టి “ముట్టుకోరాదు” అని బోర్డు తగిలించేది అనుకున్నదాన్ని, చరిత్రలో బనియన్లు ఆరేసుకోవచ్చని అక్కడే తెలిసింది.

ఆ ఊరు సెయింట్ ఫ్రాన్సిస్ పుట్టిన ఊరు. పక్షులకి కూడా బోధ చేశాడని చెప్పుకునే సన్యాసి. ఆయన పేరున పెద్ద గుడి వుంది, లోపల గోడల నిండా బొమ్మలు. 1997 సెప్టెంబరులో భూకంపం వచ్చి పైకప్పు కొంత కూలింది. లోపల నలుగురు చనిపోయారు. బొమ్మలు వేల ముక్కలై నేల రాలాయి. వాళ్ళు ఆ ముక్కలన్నీ ఏరి, జల్లించి, ఏ ముక్క ఎవరి చెంపదో ఎవరి కొంగుదో చూసి మళ్ళీ అతికించడం మొదలుపెట్టారు. రెండేళ్ళకి గుడి తెరిచారు. అతకని చోట్ల ఉత్త సున్నం వదిలేశారు. నేను ఆ ఖాళీల కిందే చాలాసేపు నిలబడ్డాను. మావారు మాత్రం మెడ నొప్పెట్టి బయటికి పోయారు.

సరే, అసలు సంగతి ఆ ఊరు కాదు. మేం దిగిన ఇంటావిడ ఒక ప్రశ్న వేసింది, అదీ సంగతి. అరవై దాటిన మనిషి. మా ఆడపడుచు అటూ ఇటూ మాట అందిస్తోంది. “మీ ఊళ్ళో కూడా ఇలాంటి పాత కోటలున్నాయా?” అని అడిగింది. నేను వెన్ను నిటారుగా పెట్టి, “లేకేం! మా ఇంటికి ఇరవై అయిదు కిలోమీటర్లలో కొండ మీద కోట వుంది. ఆరువందల యాభై ఏళ్ళ పైబడింది. పెద్ద పెద్ద కవులుండేవారు” అన్నాను. ఆవిడ సంతోషించింది. కాఫీ కప్పు కింద పెట్టి, “పైనుంచి చూస్తే ఏం కనిపిస్తుంది?” అంది.

“పొలాలు,” అన్నాను.

పొలాలే కనిపిస్తాయి, ఇంకేం కనిపిస్తాయి గుంటూరు ప్రాంతంలో! అది అబద్ధం కాదు. కానీ నేను చూసి చెప్పింది కూడా కాదు. నవ్వకండి, నేను కొండవీడు ఎక్కలేదు. ఎమ్మే చదివినదాన్ని, ఇరవై ఏళ్ళుగా ఇదే నాలుగో లైనులో కాపురముంటున్నదాన్ని, అన్నిటికీ మించి కొండవీటి కోట మీద ఒక సీరియల్ రాసినదాన్ని! అందులో నా నాయిక పున్నమి వెన్నెట్లో కోట గుమ్మం దాటి మెట్లు దిగి పారిపోతుంది. పాఠకురాలొకావిడ ఉత్తరం రాసింది: “మీ నాయిక ఏ వైపు గుమ్మంలోంచి దిగిందో చెబుతారా? మాది ఆ కొండ కింది ఊరే. నేనెరిగిన దారిలో పున్నమికి వెన్నెల కొండ అవతల పడుతుంది.” ఆ ఉత్తరానికి నేను జవాబు రాయలేదు. దాన్ని బీరువాలో పట్టుచీరల కింద దాచాను, మావారు చూస్తారని.

ఇప్పుడు మా అత్తగారి దగ్గరికి వద్దాం. ఆవిడకి డెబ్భై ఆరు. పుట్టిల్లు ఫిరంగిపురానికి ఆవల, ఆ కొండ నీడలో వున్న పల్లె. పెళ్ళయి గుంటూరొచ్చి యాభై ఆరేళ్ళు. ఫొటోలన్నీ చూసి, “కొండనా?” అని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, “మనిషికెంతయింది?” అన్నారు. నేను లెక్క కొంచెం తగ్గించే చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. చిక్కుడుకాయ ఈనె తీసుకుంటూ కాసేపాగి, “మా ఊరికి బస్సు టిక్కెట్టు ఇప్పుడెంతుందో” అన్నారు.

అంతే. ఆ మాట అని లేచి లోపలికి పోయారు. నేను ఫోను పట్టుకుని అలాగే కూర్చున్నాను.

ఆవిడ కథ నాకు తెలియంది కాదు. ముక్కలు ముక్కలుగా ఎన్నోసార్లు విన్నదే. చిన్నప్పుడు వాళ్ళన్నయ్య దసరా సెలవుల్లో స్నేహితులతో కొండెక్కి సీతాఫలాలు తెచ్చేవాడట. కొండవీటి సీతాఫలమంటే ఆ రుచే వేరని మా ఇంట్లో ఇప్పటికీ బండివాడితో పేచీ. “నేనూ వస్తానన్నాయ్” అంటే, “ఆడపిల్లవి, కొండమీద పాములుంటాయి” అని వాళ్ళమ్మ. ఒకసారి సంక్రాంతి దాటాక ఎక్కొచ్చి ఆ అన్నయ్య చెప్పాడట: “పైనుంచి చూస్తే మన మిరప కళ్ళాలన్నీ ఎవరో ఎర్రచీరలు ఆరేసినట్టున్నాయే చెల్లాయ్!” అప్పుడీవిడకి పదేళ్ళు. కళ్ళంలో కాయలు తిరగేసి తిరగేసి చేతులు మండుతుంటే వెన్నలో ముంచుకుని కూర్చునే పిల్ల. తను పొద్దస్తమానం వంగి తిరగేసే కాయలు పైనుంచి చీరల్లా వుంటాయా అని చూడాలనుకుందట. “పెళ్ళయ్యాక మీ ఆయన తీసుకుపోతాళ్ళే” అన్నారు పెద్దవాళ్ళు. ఆ ఆయన, అంటే మా మామగారు, తాలూకా కచేరీలో గుమాస్తా. చాలా మంచివారు. “వచ్చే ఆదివారం పోదామే” అని నలభై ఏళ్ళు అన్నారు. పదకొండేళ్ళ కిందట పోయారు.

పోనీ అప్పుడంటే నడిచి ఎక్కాలి, మోకాళ్ళు, పిల్లలు, అన్నీ వున్నాయి. 2019 ప్రాంతాల్లో పై దాకా ఘాట్ రోడ్డే పడింది. ఆ తరవాత మా కారు తిరుపతి పోయింది, శ్రీశైలం పోయింది, సూర్యలంక సముద్రానికి లెక్కలేనన్నిసార్లు పోయింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. పెరటి కొండ విహారానికి పనికిరాలేదు. మాటల్లో మాత్రం రోజూ వాడతాం. రేషను షాపు దగ్గర క్యూ కొండవీటి చాంతాడు, మావారి బజారు పద్దు కొండవీటి చాంతాడు, నా సీరియల్ కూడా కొండవీటి చాంతాడే అని మా అబ్బాయి అభిప్రాయం. ఆ బావులు ఎంత లోతయితే ఆ తాడుకి అంత పేరొచ్చిందో ఎవరూ పోయి తొంగి చూడలేదు.

మార్చి మొదటి ఆదివారం బయల్దేరాం. కళ్ళాలు ఆ నెలలోనే నిండుగా వుంటాయని నేను లెక్క వేసుకున్నాను గానీ ఆవిడతో అనలేదు. “గుడికి పోదాం రండి” అన్నాను. ఆవిడ గద్వాల చీర కట్టుకుని, మామగారిచ్చిన రిస్టువాచీ పెట్టుకుని, ఆరింటికల్లా వీధి గుమ్మంలో కూర్చున్నారు. నేను పులిహోర, దద్దోజనం, ఫ్లాస్కులో కాఫీ సర్దాను. మావారు నీళ్ళసీసాలు మరిచిపోయి పేరేచర్లలో కొన్నారు, కొని ఆ తప్పు నామీద వేశారు. అది ఆనవాయితీ.

ఫిరంగిపురం దాటాక టీ బంకు దగ్గర ఆగాం. బంకు నడిపే ఆవిడ నా వయసుదే వుంటుంది, మెడలో సిలువ. మావారు ఎవరు కనబడితే వాళ్ళకి ఇటలీ సంగతి చెబుతున్నారు కదా, ఆవిడకీ చెప్పారు. “అసీసా? అసీసిపుర ఫ్రాన్సిసు గారి ఊరు కదండీ!” అంది ఆవిడ చటుక్కున. ఫిరంగిపురంలో పాతకాలం నుంచీ కథోలికులున్నారు, బాలయేసు గుడి వుంది. వాళ్ళకి ఆ ఊరు మన కాశీలాగా నోటి చివరి మాట. “నిజంగా చూశారా? అక్కడి గుడి ఎలా వుంటదండీ?” అని టీ మరిగిపోతున్నా పట్టించుకోకుండా అడిగింది. నేను ఫోను తీసి ఫొటోలు చూపించాను. ఆవిడ ఒక్కో ఫొటో దగ్గరా ఆగి, ఫ్రాన్సిసు గారి సమాధి రాయి దగ్గర కళ్ళకద్దుకుంది. మా అత్తగారు అప్పటిదాకా ఊరికే చూస్తున్నవారు, “మరి నువ్వు ఈ కొండెక్కావా అమ్మాయ్?” అన్నారు. “ఎక్కడ తీరిందండీ మామ్మగారూ, బంకు వదిలి!” అంది ఆవిడ. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. టీ డబ్బులు తీసుకోలేదు.

కొండ కింద కొండవీడు గ్రామంలో గోపీనాథస్వామి గుడి వుంది. అందులోనే కత్తులబావి. డెబ్భై రెండుమంది పాలెగాళ్ళని విందుకని పిలిచి, ఒక్కొక్కణ్ణీ లోపలికి రమ్మని, కత్తులు నాటిన బావిలోకి కూలదోశారని చెప్పుకుంటారు. మా అత్తగారు తొంగిచూసి, “డెబ్భై రెండోవాడికైనా అనుమానం రాలేదా, ముందు పోయినవాళ్ళ త్రేనుపు ఒక్కటీ వినపడకపోతే!” అన్నారు. ఇన్నాళ్ళుగా చరిత్ర పుస్తకాలు చదివిన నాకు ఆ శంక తట్టనే లేదు.

ఘాట్ రోడ్డు మొదలవగానే ఆవిడ ముందు సీటు పట్టీ గట్టిగా పట్టుకున్నారు. మలుపు మలుపుకీ మైదానం కాస్త కిందికి జారుతోంది. ఆవిడ మాట్లాడటం మానేశారు.

పైన నేను ఊహించుకున్న కోట లేదు. ఊహించుకోవడానికి నేనెవర్ని లెండి! కొండ శిఖరాల వెంట తీగలా సాగిపోయే రాతిగోడలు, అక్కడక్కడా బురుజులు, కూలిన గుళ్ళు, ఒక మసీదు. ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అని మూడు చెరువులు. వెయ్యి అడుగుల ఎత్తున, వానచుక్క జారిపోకుండా ఒడిసిపట్టి ఒక రాజధానికి నీళ్ళిచ్చిన చెరువులవి. చాంతాడు సంగతి అక్కడ అర్థమైంది నాకు. నేతికొట్టు అని పిలిచే కట్టడం ఒకటుంది. “నెయ్యికే అంత ఇల్లా?” అని మా అత్తగారు దాన్ని చుట్టూ తిరిగి చూశారు. రెడ్డిరాజుల వంటింటి మీద ఆవిడకి అప్పటికప్పుడే గౌరవం కలిగింది.

నేను చదువుకున్నదంతా చెప్పడం మొదలుపెట్టాను, రాసేవాళ్ళకి అదొక జబ్బు. అద్దంకి నుంచి రాజధానిని అనపోతరెడ్డి ఇక్కడికి మార్చాడని, 1358లో ఆయనే మోటుపల్లి రేవులో వర్తకులకి అభయమిస్తూ శాసనం వేయించాడని, కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకి కర్పూరం వెదజల్లేవాడని, లకుమ అనే నర్తకి ఆడేదని, అవచి తిప్పయ్యసెట్టి సింహళం నుంచి ఏనుగులూ హురుముంజి నుంచి గుర్రాలూ చీనా నుంచి పట్టూ ఓడల్లో తెప్పించేవాడని, శ్రీనాథుడు పెదకోమటి వేముడి దగ్గర విద్యాధికారిగా వున్నాడని. చీనా పట్టు దగ్గర మాత్రం ఆవిడ కాస్త చెవి ఒగ్గారు. చివరివాడు రాచవేముడని, పురిటి పన్ను వేశాడని, అంటే ఇంట్లో బిడ్డ పుడితే సుంకం కట్టాలని, అది కడుపుమండి సవరం ఎల్లయ్య అనేవాడు ఆ రాజుని పొడిచి చంపాడని చెప్పుకుంటారన్నాను.

“మరే,” అన్నారు మా అత్తగారు. “నొప్పులు పడేది ఆవిడ. సుంకం కట్టాల్సొచ్చేసరికి ఆయనకి నొప్పి పుట్టింది.”

మావారు దగ్గు వచ్చినట్టు నటించి అవతలికి పోయారు.

తరవాత 1515లో కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర గెలుచుకోవడం, గోల్కొండ నవాబులు రావడం, ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, ఇవన్నీ ఆవిడ విననే లేదు. నేనూ చెప్పడం మానేశాను. నా చూపు గోడల మీదికి పోయింది. ఎవడో సుబ్బారావు ఎవతో లక్ష్మిని ప్రేమిస్తున్నానని ఆయిల్ పెయింటుతో రాశాడు. గుడి గర్భాలయంలో నిధులకోసం తవ్విన గొయ్యి, గోతినిండా చిప్సు కవర్లు. రాలిన బొమ్మల ముక్కల్ని జల్లెడపట్టి ఏరుకున్న చేతులు గుర్తొచ్చాయి. కోపం రావాలి నిజానికి. కానీ ఇన్నేళ్ళు ఇటు రాకుండా దూరాన్నుంచి సీరియళ్ళు రాసుకున్నదాన్ని, నేనే మొహం పెట్టుకుని సుబ్బారావుని తిట్టను? పులిహోర తిన్న విస్తరాకులు మాత్రం మూట కట్టి కారులో పెట్టాను.

ఇంతలో చూస్తే అత్తగారు లేరు. గుండె ఝల్లుమంది. తీరా చూస్తే ఉత్తరం వైపు కూలిన గోడ దగ్గర, ఒక చేత్తో రాయి పట్టుకుని, రెండో చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని నిలబడి వున్నారు. దగ్గరికి పోయాను.

“మా ఊరు కనపడటంలేదే అమ్మాయ్,” అన్నారు. గొంతు అదోలా వుంది. “చెరువు కట్టమీద పెద్ద చింతచెట్టుండాలి. దాని పక్కన మా ఇల్లు.”

చింతచెట్టు కొట్టేసి పాతికేళ్ళయిందని ఆవిడకి తెలుసు. ఆ కబురు చెప్పిందే ఆవిడ. అయినా దాన్నే వెతుకుతున్నారు. కింద రోడ్లు, సిమెంటు డాబాలు, కోల్డు స్టోరేజీ రేకుల కప్పులు, ఎండలో అన్నీ ఒక్కలాగే వున్నాయి. మావారు ఫోనులో మ్యాపు తీసి, ఇటు తిప్పి అటు తిప్పి, “అదుగో అమ్మా, ఆ నీళ్ళ ట్యాంకు పక్కన” అన్నారు. ఆవిడ అటు తిరిగారు.

ట్యాంకు ఇవతల ఎర్రగా, పలకలు పలకలుగా కళ్ళాలు. ఒకటి, రెండు, అయిదు, తరవాత లెక్కపెట్టలేదు. కొన్నిటి అంచుల్లో నీలం పట్టాలు. చుట్టూ కోసేసిన పత్తిచేల బూడిద రంగు మధ్య ఆ ఎరుపు అంత దూరాన్నుంచీ కళ్ళలో గుచ్చుకుంటోంది. చీమంత మనుషులు వాటిమీద వంగి కదులుతున్నారు. ఆడవాళ్ళో మగవాళ్ళో తెలియటంలేదు గానీ, వంగిన తీరు చూస్తే తెలియకేం!

ఆవిడ ఎంతసేపు చూశారో నేను వాచీ చూసుకోలేదు. మావారు ఒకసారి “ఎండెక్కుతోంది” అన్నారు. నేను వేలు పెదవిమీద పెట్టాను. ఆయన బుద్ధిగా గొడుగు తెచ్చి వాళ్ళమ్మ తలమీద పట్టుకుని నిలబడ్డారు. నా ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన చెప్పకుండా చేసిన పనుల్లో అదొకటి. ఆవిడ అరచేతులు రెండూ దగ్గరగా పెట్టుకుని చూసుకుని, మళ్ళీ కిందికి చూశారు.

దిగేటప్పుడు ఘాట్ రోడ్డు మలుపులో ఎవరో బుట్టలో చింతకాయలు అమ్ముతుంటే ఆపించి, బేరమాడి, రెండు రూపాయలు తగ్గించుకున్నారు. దాంతో నా ప్రాణం కుదుటపడింది.

రాత్రి ఇంటికొచ్చాక కాళ్ళకి ఆముదం రాయించుకుంటూ, “హైదరాబాదుకి ఫోను కలుపు” అన్నారు. వాళ్ళన్నయ్యకి ఎనభై రెండు, కొడుకు దగ్గర వుంటున్నాడు, చెవులు సరిగా వినపడవు. అందుకని ఈవిడ మాట నాలుగో లైను మొత్తానికి వినపడింది.

“అన్నాయ్! కొండవీడెక్కానన్నాయ్! ఆఁ, ఇవ్వాళే! నా కోడలు తీసుకుపోయింది! నువ్వు చెప్పింది తప్పు! చీరల్లా లేవు!”

అవతల ఆయన ఏదో అడిగాడు.

“ఎలా వున్నాయంటే...” అని ఆవిడ ఆగారు. నా వైపు ఒకసారి చూశారు. నేను సీసా మూత పెట్టడం మానేసి చెవులు రిక్కించాను, రాసుకోవచ్చని.

“అప్పుడే తీసుకుపోయి వుంటే అప్పుడే చెప్పేదాన్నిగా!” అని ఫోను పెట్టేసి, రెండో కాలు చాపారు.